గండికోటపై సూర్యోదయం

తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు జమ్మలమడుగులో బయలుదేరినాము. వెంట మా చిరకాల మిత్రుడొకడు. ఆ ప్రాంతంవాడే, ఉన్నత పాఠశాలలో చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడు. కోట పెద్ద వాకిలి దాటి, జుమా మసీదును వెనుక వదలి, లోయ అంచున ఉన్న బండల మీదికి చేరేసరికి ఇంకా చీకటిగానే ఉన్నది. అడుగున పెన్న ఉన్నదని తెలుసు, కానరాదు. గాలి మాత్రం కిందినుంచి పైకి చల్లగా వీస్తున్నది.

మొదట తూర్పున ఒక బూడిదరంగు గీత. తరువాత ఎదుటి గట్టు పైఅంచు. వెలుగు ఒక్కొక్క పొరనే తాకుతూ కిందికి దిగింది. ఆ రాళ్ళు ఎవరో తీరుబడిగా పేర్చినట్లుంటాయి. ఎరుపు, గోధుమ, మధ్యమధ్య నల్లని చారలు. కోట్లాది సంవత్సరాలనాటి ఇసుక గట్టిపడి అట్లా రాయి అయినదని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. నంది కొండలలో పుట్టిన పెన్న ఉత్తరంగా వచ్చి, అనంతపురం సీమలో తూర్పుకు తిరిగి, ఎర్రమల కొండలను ఇక్కడ దాదాపు 300 అడుగుల లోతున కోసికొని పోయింది. కొండకు పడిన గండి కనుక గండికోట. పేరు పెట్టినవారు కవులు కారు గాని, ఇంతకంటె సరియైన పేరు మాకు తోచలేదు.

కోట కట్టదలచినవానికి ఇక్కడ సగం పని నదియే చేసి పెట్టింది. విజయనగర ప్రభువుల కాలంలో పెమ్మసాని నాయకులు దీనిని ఏలినారు. 1650లో గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా మంత్రి మీర్ జుమ్లా దీనిని పట్టుకొన్నాడు. పారశీక దేశంనుంచి వచ్చి వజ్రాల వర్తకంలో కోట్లు గడించిన ఘనుడాయన. రెండేళ్ళకు, 1652లో, తవెర్నియే అనే ఫ్రెంచి రత్నవర్తకుడు తన సరకు చూపడానికి ఆయన దగ్గరకు ఇక్కడికే వచ్చాడు. మంత్రి చూడనిది సుల్తాను కొనడట! ఇరుకైన కొండదారి, పక్కనే భయంకరమైన అగాధం, దాని అడుగున పెద్ద నది, పైన ఊటల నీటితో వరి, జొన్నవంటి పంటలు పండే చిన్న మైదానం: ఆయన రాసిపెట్టిన ఈ వర్ణనను చేతబట్టుకొని నేటికీ కోటకు దారి చూపవచ్చు. మీర్ జుమ్లా కాలివేళ్ళ సందులలోనూ ఎడమచేతి వేళ్ళ సందులలోనూ ఉత్తరాలు ఇరికించుకొని కచేరీ నడిపేవాడని కూడా ఆయనే రాశాడు. అంత పెద్ద మంత్రికి బల్ల లేకపోయింది కాబోలు.

ఆయన చెప్పిన సంగతులలో మమ్ములను ఆనాడు తగవులోకి దింపినది మరొకటి. క్లోడ్ మాయే అనే ఫ్రెంచివాడు మీర్ జుమ్లాకు 20 ఫిరంగులు పోతపోసి ఇస్తానని ఒప్పుకొన్నాడు. లోహంకోసం చుట్టుపక్కల గుళ్ళనుంచి రాగి విగ్రహాలు తెప్పించారు. గండికోట గుడిలోని ఆరు విగ్రహాలు మాత్రం ఎంత కాచినా కరగలేదట. పూజారులు మంత్రం వేశారని నవాబుకు అనుమానం. చివరకు సరియైన ఫిరంగి ఒక్కటీ తయారు కాలేదు.

“అది పోతపోసేవాడు తన చేతగానితనానికి వెదుక్కొన్న సాకు,” అన్నాము మేము. “కొలిమి చాలలేదు, అంతే.”

మిత్రుడు వెంటనే ఒప్పుకొన్నాడు. అదే మాకు ఆశ్చర్యమైంది.

“సాకే కానీలేప్పా. కరగని ఆరింటికి కథ మిగిలింది. కరిగినవి ఏ ఊరివో ఎవరన్నా రాసినారా?”

మా దగ్గర జవాబు లేదు. తవెర్నియే రాయలేదు.

అప్పటికి సూర్యబింబం కొండ మీదికి వచ్చింది. నది ఒక్కసారిగా ఇత్తడి రేకులా మెరిసింది. అక్కడక్కడ నిలిచి ఉన్న యాత్రికులంతా తూర్పుకే తిరిగి ఛాయాచిత్రాలు తీసికొంటున్నారు. మా మిత్రుడు పడమరకు తిరిగి నిలబడి ఉన్నాడు. అటు, నదికి ఎగువన, గండికోట జలాశయం ఉన్నది. దాదాపు 27 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టే ఆ జలాశయంలో మునిగిన ఊళ్ళలో అతని తండ్రిగారి ఊరు ఒకటి. కరువు సీమకు ఆ నీరు ఎంత అవసరమో అతనికి మాకంటె బాగా తెలుసు. ఆ మాట అతనే తరగతిలో చెబుతాడట. ఊరి సంగతి మాత్రం చెప్పడట.

“ఎందుకు చెప్పవు?”

“పాఠంలో లేదు గదప్పా.”

మేము సంచిలోనుంచి పుస్తకం, కలం తీశాము. కోట శాసనాలు రాసుకొందామని తెచ్చినది. అతడు కాసేపు మొగమాటపడి, రచ్చకట్టతో మొదలుపెట్టాడు. దాని పక్క వేపచెట్టు, చెట్టుకు ఎదురుగా ఆంజనేయస్వామి గుడి, గుడి వెనుక మంచినీళ్ళ బావి, అక్కడనుంచి ఎడమచేతికి తమ వీధి, వీధిలో వరుసగా ఎవరెవరి ఇళ్ళు. ఎండ మొగాన కొట్టేవరకు రాసికొన్నాము. నాలుగో ఇంటివారి పేరు అతనికి జ్ఞాపకం రాలేదు. అమ్మను అడిగి చెబుతానన్నాడు. అక్కడ కొంచెం ఖాళీ వదిలాము.