తెలుగు పుటకు రూపు కుదిరిన విధము

పుస్తకమును చేతబట్టిన పాఠకుడు అందలి విషయమును చూచునే గాని పుటను చూడడు. పంక్తుల నడుమ ఎంత ఎడమున్నది, అంచున ఎంత తెలుపు విడిచిరి, పుటసంఖ్యను ఎచ్చట నిలిపిరి అను విచారము అతనికి లేదు, ఉండనక్కరయు లేదు. పుట చక్కగా కుదిరినదనుటకు అదియే గుర్తు. కాని ఆ కుదురు ఒక్కనాట వచ్చినది కాదు. లేఖకులును, పండితులును, అచ్చుకూటపు పనివారును తరతరములు పడిన శ్రమచేత వచ్చినది. పల్లెలోని సామాన్యుడు సైతము ఒకరి సాయము లేకయే గ్రంథమును చదువుకొనగలుగుటలో ఆ శ్రమకు గొప్ప భాగము కలదు.

అచ్చునకు పూర్వము తెలుగు గ్రంథము తాటియాకులపై నుండెడిది. లేఖకుడు గంటముతో అక్షరములను గీసి, ఆకుపై మసి పూసి తుడిచెడివాడు. గీతలలో మసి నిలిచి అక్షరములు తేటపడెడివి. ఆకులకు బెజ్జము వేసి త్రాడు గ్రుచ్చి, క్రిందను మీదను చెక్కలమర్చి కట్టెడివారు. త్రాటి రాపిడికి అక్షరము చెడకుండ బెజ్జము చుట్టును చోటు విడిచెడివారు. ఆకులు కలిసిపోయినచో మరల పేర్చుకొనుటకు అంచున సంఖ్యలు వేసెడివారు. ఇదియు పుటనిర్మాణ కౌశలమే.

అయితే ఆకు వెడల్పు స్వల్పము. అందుచేత పదమునకు పదమునకు ఎడము లేదు; పద్యపాదమునకు వేరు పంక్తి లేదు. పద్యమును వచనమును ఒకే ధారగా సాగిపోయెడివి. పదమెచ్చట విరుగునో, పాదమెచ్చట ముగియునో ఛందోవ్యాకరణములు ఎరిగినవానికే తెలిసెడిది. ఒకరు చదువగా పదుగురు వినుట మన ఆచారమగుటకు ఇదియు ఒక కారణము. వినుటలోని రుచి వేరు, సందేహము లేదు. కాని చదువువాడు లేనినాడు ఆ గ్రంథము అటకపై మూగగా పడియుండవలసినదే.

తొలి తెలుగు అచ్చు పుస్తకములు వెలువడినది ఆంధ్రదేశమున గాదు. మదరాసులో పెక్కేండ్లుండి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను క్రైస్తవ మతబోధకుడు, స్వదేశమగు జర్మనీకి మరలిన పిదప, 1746-47 సంవత్సరములలో హాలె నగరమున చిన్న మతగ్రంథములను తెలుగున అచ్చొత్తించెను. తరువాత వంగదేశమందలి శ్రీరామపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణమును రచించెను. 1812 మార్చి 11వ తేదీన అచ్చటి అచ్చుకూటము తగులబడగా ఆ వ్యాకరణపు వ్రాతప్రతియు దగ్ధమయ్యెను. కేరీ అధైర్యపడక మరల పూనుకొనగా 1814లో ఆ గ్రంథము వెలువడెను. 1816లో మదరాసున క్యాంబెల్ వ్యాకరణము అచ్చుపడెను. ఇవి దొరలకు తెలుగు నేర్పుటకై పుట్టిన పుస్తకములు. అయినను ముఖపత్రము, అధ్యాయ విభాగము, పుటసంఖ్య అను ఐరోపా పద్ధతులు ఇట్టి గ్రంథముల ద్వారముననే తెలుగు అచ్చునకు అలవడినవి.

సి. పి. బ్రౌను వ్రాతప్రతులను సేకరించి, పండితులచేత సరిపోల్చించి, వేమన పద్యములను 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు మదరాసున ముద్రణాలయమును స్థాపించిరి. కావ్యములకు కాగితపు పుట చేసిన మేలు ఇంతంత కాదు. పద్యము పాదములుగా విడివడెను. మూలము పెద్ద అక్షరములతో మీదను, టీక చిన్న అక్షరములతో క్రిందను నిలువగలిగెను. గురువు నోట వినవలసిన అర్థము పుట అడుగుననే దొరకసాగెను. ఇక చిన్నయసూరి నీతిచంద్రిక (1853), వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము (1880) వంటి రచనలతో వచనము వ్యాపించెను. వచనమునకు పద్యమువలె యతిప్రాసల ఆసరా లేదు. కావున దానికి పేరాలును విరామచిహ్నములును ఊతకఱ్ఱలైనవి.

ఈ వెసులుబాటు అచ్చుకూటమున సులభముగా లభించినది కాదు. ఆంగ్లమునకు ఇరువదియారు అక్షరములు చాలును. తెలుగున గుణింతములును వత్తులును చేరుటచేత కొన్ని వందల సీసపు అచ్చులు గళ్లపెట్టెలలో అమర్చుకొనవలసియుండెను. కంపోజిటరు ఎడమచేత కూర్పుకడ్డీని పట్టి, కుడిచేత ఒక్కొక్క అక్షరమును ఏరి, అద్దములోని ప్రతిబింబమువలె తిరుగబడిన రూపమున పేర్చెడివాడు. పదముల నడుమ తెలుపు సైతము అతడు పేర్చినదే. అక్షరములకంటె పొట్టివగు సీసపు ముక్కలను నడుమ నిలుపగా, వానికి సిరా అంటక అచ్చట కాగితము తెల్లగా మిగిలెడిది. వత్తులు క్రిందికి దిగును గనుక తెలుగు పంక్తుల నడుమ ఎడము ఎక్కువగా కావలెను. అందులకు పలుచని సీసపు రేకులను వేసెడివారు. రేకులు తగ్గించిన కాగితము కలిసివచ్చును, చదువరి కన్ను అలసిపోవును. ధరకును కంటికిని గల ఈ తగవును ప్రతి ప్రకాశకుడును తీర్చుకొనవలసినదే.

పుటలను ఫారమున అమర్చుట మరియొక విద్య. ఒక కాగితమును మూడు మడతలు పెట్టిన 8 ఆకులు, అనగా 16 పుటలగును. మడచినపుడు వరుస సరిగా వచ్చుటకై 1వ పుట ప్రక్కన 16వది, 4వ పుట ప్రక్కన 13వది, 5వ దాని ప్రక్కన 12వది, 8వ దాని ప్రక్కన 9వది నిలువవలెను. ప్రతి జతయు కూడిన 17 అగుట చూచి పనివారు సరిచూచుకొనవచ్చును. లోపలి అంచున కుట్టునకును, వెలుపలి అంచున బొటనవ్రేలికిని చోటు కావలెను. గ్రంథాలయపు పుస్తకము పలుమారులు కట్టుబడి అంచులు కోతపడును గనుక, ఇరుకు అంచుల పుస్తకము రెండవ కట్టుతోనే అక్షరములను కోల్పోవును.

ఇరువదవ శతాబ్దారంభమున ఈ విద్యయంతయు లోకోపకారమునకు తిరిగెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కూడి విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రను, శాస్త్రములను తెలుగున గ్రంథమాలగా అందించిరి. ఆయన తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము అకారాది క్రమమున కూర్పబడినది. పని పూర్తికాకమునుపే 1923లో ఆయన కన్నుమూసిరి. అకారాది క్రమము, విషయసూచిక, పదసూచిక అనునవి పుస్తకమును మొదటినుండి చదువ తీరికలేని రైతునకును కావలసిన పుటను చూపు చేతిదీపములు. పాఠకుని కాలమును వృథాచేయరాదని రంగనాథన్‌గారు 1931లో తమ గ్రంథాలయ పంచసూత్రములలో చెప్పినది పుటను కూర్చువానికిని వర్తించును. ముఖపత్రమున రచయిత పేరు, ప్రకాశకుని పేరు, అచ్చుపడిన ఏడు లేని పుస్తకమును పట్టికలో చేర్చుటకు గ్రంథపాలకుడు ఎంత చిక్కుపడునో చెప్పనక్కరలేదు.

నేడు సీసపు అచ్చుల గళ్లపెట్టెలు దాదాపు మూలబడినవి. 1991లో యూనికోడ్ తొలి కూర్పుననే తెలుగు లిపికి స్థానము లభించెను. కంపోజిటరు దినమెల్ల నిలువుకాళ్లపై చేసిన పనిని కంప్యూటరు గడియలో చేయుచున్నది. కాని ఎడమెంత ఉండవలెనో, అక్షరమెంత పెద్దదిగా నుండవలెనో యంత్రము తనంతట నిర్ణయింపజాలదు. చేతిలో పది విధముల అక్షరములున్నవని పదింటిని ఒకే పుటలో క్రుమ్మరించుట ఈనాటి లోపము. కాగితము మిగుల్చుటకై పంక్తులను ఇరికించుట ఆనాటినుండి వచ్చుచున్న లోపము. రెంటికిని ఒకటే పరీక్ష కలదు. అచ్చునకు పోవుటకు ముందు ఒక పుటను తీసి, క్రొత్తగా అక్షరములు నేర్చిన పెద్దవానికో, చూపు మందగించిన వృద్ధురాలికో ఇచ్చి చదివింపవలెను. వారు తడబడిన చోటెల్ల దిద్దవలసిన చోటే. పుస్తకము వెలకట్టి కొనగలవారికే గాక, గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి చదువుకొనువారికిని చెందవలెనన్నచో, పుటను కూర్చువాడు ముందుగా తలచుకొనవలసినది వారినే.