ఇంట్లో మాట, వీధిలో మాట

మా అమ్మమ్మగారింటి హాల్లో గాంధీగారి పటమూ, నేతాజీ పటమూ పక్కపక్కనే ఉండేవి. రెండింటికీ చెరొక దండ వేసేది అమ్మమ్మ. చిన్నప్పుడు వాళ్లిద్దరూ ఎప్పుడూ ఒక్కమాట మీదే నడిచారనుకునేదాన్ని. బి.ఏ.లో చరిత్ర చదివాక తెలిసింది, వాళ్ల మధ్య ఎంత తగువు నడిచిందో! అందులో కాంగ్రెసు చరిత్ర రాసిన మన బందరు పట్టాభిగారు కూడా ఉన్నారు.

1939 జనవరిలో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీ వచ్చింది. అప్పటికే అధ్యక్షుడుగా ఉన్న సుభాష్ బోసు మళ్లీ నిలబడ్డారు. గాంధీగారి పక్షాన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు నిలబడ్డారు. బోసుకి 1580 ఓట్లు, పట్టాభిగారికి 1377. పట్టాభి ఓటమి తన ఓటమేనన్నారు గాంధీగారు. మార్చిలో త్రిపురి మహాసభకి బోసు జబ్బుతో స్ట్రెచరు మీద వచ్చారు. కార్యవర్గాన్ని గాంధీగారి ఇష్టప్రకారమే వేసుకోవాలని సభ తీర్మానించింది. ఇంటి పెత్తనం ఇచ్చి బీరువా తాళాలు దాచేసినట్టన్నమాట! ఏప్రిల్ 29న బోసు రాజీనామా చేశారు.

అసలు కథ ఆ తరువాతే. రాష్ట్ర కాంగ్రెసు సంఘాల అనుమతి లేకుండా కాంగ్రెసువాళ్లెవరూ సత్యాగ్రహం చెయ్యకూడదని జూన్‌లో బొంబాయి సమావేశం నిర్ణయించింది. బోసు ఊరుకోలేదు. జూలై 9న దేశమంతటా నిరసన సభలు పెట్టమన్నారు. కొత్త అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్‌గారు వద్దన్నా వినలేదు. కాంగ్రెసులో ఎన్నికతో వచ్చే ఏ పదవికీ మూడేళ్లపాటు ఆయన అనర్హుడని ఆగస్టులో కార్యవర్గం తేల్చేసింది.

న్యాయం ఎవరిదంటారు? తీర్మానం నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు కూడా లేకపోతే పార్టీలో ప్రజాస్వామ్యం ఏమున్నట్టని బోసు వాదన. నలుగురూ కూర్చుని తేల్చిన దాన్ని మనవాళ్లే బజారుకెక్కి కాదంటే సంస్థ నిలిచేదెలాగని అవతలివాళ్ల వాదన. తమాషా ఏమిటంటే, 1938లో మధ్య పరగణాల ప్రభుత్వానికి పెద్దగా ఉన్న డాక్టర్ ఖరేగారిని క్రమశిక్షణ తప్పారని తప్పుపట్టిన కార్యవర్గానికి అధ్యక్షుడు ఈ బోసుగారే! రెండు గొడవలూ ఒకటి కావనుకోండి. అయినా పెత్తనం చేతిలో ఉన్నప్పుడు కట్టుబాటు ముద్దు, లేనప్పుడు స్వేచ్ఛ ముద్దు. ఇది ఒక్క బోసుగారికే ఉన్న గుణమా?

కాపురానికి వెళ్లిన కొత్తలో, ఉమ్మడి ఇంట్లో ఒక విషయం నాకు నచ్చలేదని అందరిముందూ అనేశాను. తరువాత నెలరోజులు నన్నెవరూ ఏమీ అడగలేదు. ఉండబట్టలేక పిట్టగోడ మీంచి పక్కింటావిడతో చెప్పుకున్నాను. అప్పుడు చూడాలి రభస! పరువు తీశానన్నారు. తీశాను, నిజమే. కానీ ఇంట్లో నా మాట చెవిన వేసుకుని ఉంటే పిట్టగోడ దాకా వెళ్లేదాన్నా?

ఈ చరిత్రంతా చదివొచ్చి ఒకసారి అమ్మమ్మనడిగాను, ఆ ఇద్దరి పటాలూ పక్కపక్కన ఎలా పెట్టావని. దండలోని ఎండుపూలు తీస్తూ అంది కదా, “తగువు పడ్డారని ఇంట్లోవాళ్లని గోడమీంచి దింపేస్తామటే?”