ముళ్లపంది ముళ్లు, బర్చ్ బెరడు: మిక్‌మాక్ కుర్చీల చరిత్ర

కెనడా తూర్పు తీరంలోని నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపం మిక్‌మాక్ ప్రజల సొంత నేల. వేసవిలో చేపల కోసం తీరానికీ, చలికాలంలో వేటకు అడవిలోకీ మకాం మార్చేవాళ్లకు బరువైన సామాను దండగ. గుడారానికి కప్పు బర్చ్ బెరడు, పడుకోవడానికి పరుపు ఫర్ చెట్టు రెమ్మలు. పడవలు, పెట్టెలు కూడా బెరడువే. భూర్జపత్ర గ్రంథాలకు ఆధారమైన హిమాలయ వృక్షానికి ఈ బర్చ్ దగ్గరి చుట్టం.

కుర్చీ యూరప్ వలసదారులతో వచ్చింది. 18వ శతాబ్దంలో వాళ్లు నేలను ఆక్రమించుకుంటూ పోవడంతో వేట సన్నగిల్లింది. చేతిపనులు అమ్ముకోవడమే చాలా కుటుంబాలకు బతుకుతెరువైంది. మగవాళ్లు గొడ్డలి పిడులు, తర్వాతి కాలంలో హాకీ కర్రలు చెక్కేవారు. ఆడవాళ్లు బెరడు పెట్టెల మీద ముళ్లపంది ముళ్లతో నగిషీ చేసేవారు. 19వ శతాబ్దం నడిమికి ఆ నగిషీ పలకలు వలసదారుల ఇళ్లలోని కుర్చీల సీట్లలోకీ, వీపు ఆనే చోటికీ చేరాయి. చట్రం ఊరి వడ్రంగిది, అందం మాత్రం మిక్‌మాక్ స్త్రీది.

పని ఓపికతో కూడుకున్నది. ముల్లును నీళ్లలో నానబెట్టి మెత్తబరిచేవారు. బెరడుకు ఆరతో సన్నని రంధ్రాలు పొడిచి, ముల్లు రెండు కొసలనూ వాటిలోకి దూర్చేవారు. బెరడు తిరిగి బిగుసుకుని ముల్లును పట్టుకునేది. వెనక మిగిలిన కొసలను కత్తిరించేవారు. ఇలా వరుసలు వరుసలుగా నక్షత్రాలు, త్రికోణాలు అమరేవి. మొదట వేర్లు, మొక్కల రంగులే వాడేవారు. 1860ల తర్వాత కృత్రిమ రంగులు వచ్చాయి.

కొన్నవాళ్లు చేసినవాళ్ల పేర్లు చాలావరకు రాసిపెట్టుకోలేదు. అది పెద్ద నష్టం. అరుదుగా మిగిలిన పేరు హాలిఫాక్స్ పరిసరాల్లో పనిచేసిన క్రిస్టియాన్ మోరిస్‌ది. 1868లో ఆమె ముళ్ల పలకలు అమర్చిన చెక్క ఉయ్యాల నేడు బ్రిడ్జ్‌వాటర్‌లోని డెస్‌బ్రిసే మ్యూజియంలో ఉంది.

ముళ్ల కుర్చీలు ఇంటి లోపలివి. 19వ శతాబ్దం చివర్లో మరో రకం ఆరుబయటికి వచ్చింది: ఉత్తర అమెరికా అంతటా వేసవి విడిదిళ్ల వరండాల్లోకి బెరడు తీయని కొమ్మల కుర్చీలు ఫ్యాషన్‌గా వచ్చాయి. పచ్చి కొమ్మను వంచి కట్టి ఆరనిస్తే ఆ వంపు నిలుస్తుంది. కానీ ఎండకూ వానకూ బెరడు ఊడి, కొమ్మ పుచ్చిపోతుంది. హాల్లో భద్రంగా ఉన్న ముళ్ల కుర్చీకి దక్కిన ఆయుష్షు దీనికి దక్కదు.

నోవా స్కోషియా మ్యూజియంలో పనిచేసిన రూత్ హోమ్స్ వైట్‌హెడ్ 1982లో మిక్‌మాక్ ముళ్ల నగిషీపై ఒక గ్రంథం ప్రచురించారు. మిక్‌మాక్ కళాకారులు ఇప్పటికీ బెరడు మీద ముళ్ల పని చేస్తూనే ఉన్నారు.