సున్నం తెలుపు, నీలిమందు నీలం

పులికాట్ సరస్సు అడుగున పేరుకున్న గుల్లలే ఒకప్పుడు మన నెల్లూరు తీరంలో గోడల తెలుపు. గుల్లల్ని తవ్వి తెచ్చి, బట్టీలో కాల్చి, నీళ్లు పోస్తే కుతకుతా ఉడికి మెత్తటి సున్నమయ్యేది. మద్రాసుకు కూడా గుల్లలు, వంటకట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవల మీద వెళ్లేవి. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఆ కాలువను 1877-78 కరువులో జనానికి పని చూపించడానికని మరికొంత తవ్వించి, అప్పటి గవర్నరు పేరు పెట్టారు. పేరు దొరగారిది, తట్టలు మోసింది ఆకలి కడుపులవాళ్లు.

ఇక నీలం. నెల్లూరు, కడప జిల్లాల పొలాల్లో నీలిచెట్టు బాగా పండించేవారు. కొమ్మలు కోసి తొట్లలో నానబెట్టి, ఆ నీళ్లని చిలికి, అడుగున దిగిన ముద్దని బిళ్లలుగా ఎండబెట్టేవారు. అది బట్టల అద్దకానికి విదేశాలకు పోయేది. 1897లో జర్మనీ నుంచి ఫ్యాక్టరీ నీలం మార్కెట్లోకి వచ్చాక ఆ పంట నిలవలేకపోయింది.

అయితే మన అమ్మమ్మలు గోడ సున్నంలో కలిపిన నీలిమందు ఆ చెట్టుది కాదండీ. తెల్లబట్టలకు పెట్టే పొడే అది, అల్ట్రామెరైన్. దాన్ని చవగ్గా తయారుచేసే పద్ధతికి ఫ్రాన్సులో గిమే అనే ఆయన 1828లో బహుమతి అందుకున్నాడు. పేరు మాత్రం పాత చెట్టుదే మిగిలింది! సున్నం ఘాటుకు ఆ రంగు చెడదు. చిటికెడు కలిపితే పసుపు ఛాయ విరిగి తెలుపు ఇంకా తెల్లబడేది, గుప్పెడు కలిపితే గదే నీలమయ్యేది. రెండు రంగులకీ బాన ఒకటే.

ఉప్పుగాలికి, చెమ్మకి ఇప్పటి ప్లాస్టిక్ పెయింట్లు ఏ రంగైనా పొక్కులు లేస్తాయి. సున్నం గోడలోంచి చెమ్మ బయటికి పోతుంది. వీపు ఆనిస్తే చీరకి అంటుతుంది, అదీ నిజమే.

మా మధ్యగదికి ఒకటే కిటికీ, అదీ ఉత్తరానికి. అమ్మాయికి నాలుగు గోడలూ ముదురు నీలం కావాలి. అత్తయ్యకేమో పొద్దుగూకితే గడప కనిపించదు. తెల్లగోడ తన మీద పడ్డ వెలుగులో 80 శాతం దాకా గదిలోకే తిరిగి పంపుతుంది, ముదురు నీలం చాలావరకు మింగేస్తుంది. ఈ వయసులో ఆవిడ తట్టుకుని పడితే తుంటి ఎముక సంగతి, అందుకే గోడలకి తెల్ల సున్నమే ఖాయం చేశాను. తలుపు చుట్టూ మాత్రం జానెడు వెడల్పు ముదురు నీలం పట్టీ. తెలుపు మీద నీలం కాబట్టి తలుపెక్కడుందో అత్తయ్యకి దూరం నుంచే తెలుస్తుంది. జానెడు చాలదు, మూరెడు వేయించమని అమ్మాయి ఇంకా బేరమాడుతోంది.