రిగ్రెట్టు అంటే విచారమేనా?



ఈవేళ ఒక ఇంగ్లీషు మాట గురించి నాలుగు ముక్కలు చెప్పుకొందాం. అది మనందరికీ తెలిసిన మాటే. మెట్రిక్ దాకా చదువుకొన్నవాళ్ళకూ తెలుసు, ఆ మెట్టు ఎక్కనివాళ్ళకూ తెలుసు. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన పిల్లవాడికి కవరులో వచ్చేది ఆ మాటే. విందుకు రాలేనివాళ్ళు కార్డు మీద రాసి పంపేదీ అదే. సంక్రాంతికి హైదరాబాదు నుంచో చెన్నై నుంచో శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకు రావాలని రైలు టిక్కెట్టు కోసం చూస్తే, వెయిటింగు లిస్టు కూడా నిండిపోయాక కనబడేదీ అదే. "రిగ్రెట్". పొట్ట చేతపట్టుకొని దూరదేశం పోయిన మన జిల్లా పిల్లలకు పండగపూట రైలు చెప్పే మాట అది. దాన్ని చూసి ఎవరో నొచ్చుకొంటున్నారని ఎవరైనా అనుకొంటారా? టిక్కెట్టు లేదు, అంతే.

మరి ఆ మాటకు అసలు అర్థమేమిటి? చిత్రమేమిటంటే, మొదట్లో అది ఏడుపు మాట. పాత ఫ్రెంచి భాషలో దానికి చనిపోయినవారిని తలచుకొని శోకించడమని అర్థం. మన పల్లెల్లో ముసలమ్మలు పోయినవాళ్ళ మంచీ చెడ్డా చెప్పుకొంటూ రాగం తీసి ఏడుస్తారు చూడండి, అలాంటిదన్నమాట. ఆరేడు వందల ఏళ్ళ క్రితం అది ఇంగ్లీషులోకి వచ్చింది. వచ్చాక కన్నీళ్ళు కొంచెం కొంచెంగా ఆరిపోయాయి. పోయిన దాని కోసం బెంగ అన్న అర్థం వచ్చింది. తర్వాత చేసిన పనికి, చేయకపోయిన పనికి బాధపడడమయింది. ఆఖరికి ఆఫీసు కాగితం మీద మర్యాదకు రాసే మాటగా స్థిరపడింది.

ఆ జాతి మాటలు ఇంగ్లీషులో ఇంకా ఉన్నాయి. "సారీ" అన్నది పుండు, నొప్పి అనే అర్థమిచ్చే మాటలోంచి పుట్టింది. మన "నొప్పి"లోంచి "నొచ్చుకోవడం" పుట్టినట్టే! "రిమార్స్" అన్న మాటకు లాటిన్ మూలం మళ్ళీ కరవడం. చేసిన తప్పు లోపల కూచుని కొరుకుతూ ఉంటుందన్నమాట. మనవాళ్ళు మనసు తొలిచేస్తోంది అంటారు. ఇక మన "పశ్చాత్తాపం" విడదీస్తే పశ్చాత్, తాపం. అంటే తర్వాత పుట్టే మంట. చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్టు అన్న సామెతలోనూ ఆ కాలడమే ఉంది, ఆ తర్వాత అన్నదే ఉంది.

వీటన్నిటిలో రిగ్రెట్టు చాలా తేలిక మాట. వానొచ్చి పెళ్ళిపందిరి తడిసిపోతే దానికీ రిగ్రెట్టు పడవచ్చు. వానను మనం కురిపించలేదు గదా! కాని పశ్చాత్తాపం అలా పడలేం. తప్పు మనదైతేనే పశ్చాత్తాపం. రిగ్రెట్టుకు తప్పుతో పనిలేదు. అందుకే పెద్ద పెద్ద ప్రభుత్వాలకు ఆ మాట మీద అంత మక్కువ.

వ్యాకరణంలో ఒక చిన్న కిటుకు కూడా ఉంది, ఇంట్లో పిల్లలకు చెప్పండి. "ఐ రిగ్రెట్ టు సే" అంటే ఇప్పుడు చెప్పబోయే కబురు చెప్పడానికి విచారిస్తున్నానని. "ఐ రిగ్రెట్ సేయింగ్" అంటే ఇదివరకే అన్న మాటకు విచారిస్తున్నానని. మొదటిది గుమ్మంలో నిలబడి చెప్పే మాట, రెండోది రాత్రి నిద్ర పట్టక అనుకొనే మాట. తంతి కాగితాల మీద ఉండేది మొదటిదే. సైన్యంలో పనిచేసేవాళ్ళున్న ఇళ్ళలో వెనకటి రోజుల్లో తంతివాడు సైకిలు దిగితే చాలు, కాగితం విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. ఇంగ్లీషు రాని తల్లికి కూడా అందులోని మాట తెలిసిపోయేది. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ఆగిపోయింది గాని, ఆ మాట ఆగలేదు.

ఇక చరిత్రలోకి వద్దాం. విచారానికి సంబంధించిన రెండు పెద్ద కథలు మన నేలనే జరిగాయి.

మొదటిది కళింగ యుద్ధం. నేటి శ్రీకాకుళం ప్రాంతం ప్రాచీన కళింగంలోనిదే గదా. క్రీస్తుకు పూర్వం 261 ప్రాంతంలో అశోకుడు కళింగాన్ని జయించాడు. లక్షమంది యుద్ధంలో చచ్చారు. లక్షా యాభైవేల మందిని పట్టుకుపోయారు. అంతకు ఎన్నోరెట్ల మంది ఆ తర్వాత పోయారు. ఈ లెక్కలు శత్రువులు కట్టినవి కావు, గెలిచిన రాజు తానే రాతి మీద చెక్కించినవి. పదమూడో శిలాశాసనమని దానికి పేరు. కళింగాన్ని గెలిచినందుకు తనకు అనుతాపం కలిగిందని అందులో చెప్పుకొన్నాడు. ఆ శాసనాల లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదవగలిగాడు. తర్వాత ఇంగ్లీషులోకి మార్చిన పండితుల్లో ఒకరు ఆ చోట "రిపెంటెన్స్" అని రాస్తే, మరొకరు "రిమార్స్" అన్నారు. వట్టి రిగ్రెట్టు దానికి చాలదని వాళ్ళకు తోచి ఉంటుంది.

అయితే ఒక విశేషం వినండి. ఆ పదమూడో శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో బండల మీద ఉంది. ఎక్కడో పెషావరు వైపు షాబాజ్‌గఢీలో ఉంది. కాని కళింగంలో మాత్రం లేదు! మన ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వెళితే, ఋషికుల్యా నది దగ్గర జౌగడ అనే చోట అశోకుడి శాసనాలు ఉన్నాయి. భువనేశ్వరం దగ్గర ధౌలిలోనూ ఉన్నాయి. ఆ రెండు చోట్లా పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వదిలేసి, వాటి బదులు వేరే రెండు చెక్కించారు. మనుషులందరూ నా బిడ్డలే, వాళ్ళను న్యాయంగా చూడండి అని అధికారులకు చేసిన హెచ్చరిక ఆ శాసనాల్లో ఉంది.

ఎందుకలా? ఓడిపోయినవాళ్ళ ఎదుట చచ్చినవాళ్ళ లెక్క చెప్పి పుండు మళ్ళీ రేపడం ఎందుకని మానేశారని కొందరు చరిత్రకారులు ఊహిస్తారు. సబబుగానే ఉంది. కాని నాకొక మాట అనిపిస్తుంది. బాధ ఎవరికి చేశామో వాళ్ళకు తప్ప తక్కిన లోకానికంతా నొచ్చుకొన్నామని చెప్పడం ఒక వింత. పక్కింటివాళ్ళతో "మా కోడల్ని ఆవేళ ఊరికే అన్నానమ్మా" అని పదిమార్లు చెప్పుకొని, ఆ కోడలితో మాత్రం ఒక్కమారూ అనని అత్తగార్లు మనకు తెలియనివాళ్ళు కారు.

ఇంకా ఉంది. అదే శాసనంలో అడవి జనాలకు ఒక హెచ్చరిక ఉంది. రాజుకు విచారమున్నా బలమూ ఉంది, జాగ్రత్తగా ఉండండి అని దాని సారం. గెలిచిన కళింగాన్ని తిరిగి ఇచ్చేస్తానని గాని, పట్టుకుపోయినవాళ్ళను వదిలేస్తానని గాని అందులో లేదు. అయినా రెండువేల రెండువందల ఏళ్ళ కిందట గెలిచిన రాజు తన గెలుపుకు తానే బాధపడి, ఆ సంగతి దాచుకోకుండా రాతి మీద పెట్టించడం మామూలు విషయం కాదు. అలా చేసినవారు లోకంలో ఎందరున్నారు?

రెండో కథ బొబ్బిలిది. ఇది మనకు బుర్రకథగా తెలుసు. 1964లో సినిమా కూడా వచ్చింది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాపతి బుస్సీ, విజయనగరం విజయరామరాజు కలిసి బొబ్బిలి కోటను ముట్టడించారు. బొబ్బిలి విడిచిపెట్టి వేరేచోట భూములు తీసుకొమ్మని బుస్సీ అంటే రంగారావు ఒప్పుకోలేదు. కోట నిలవదని తేలాక లోపల ఇళ్ళకు నిప్పు పెట్టి, ఆడవాళ్ళను, పిల్లలను తమవాళ్ళే చంపుకొన్నారు. శత్రువుల చేత పడకూడదని.

ఈ కథను ఇంగ్లీషులో విస్తారంగా రాసినవాడు రాబర్ట్ ఆర్మ్. కంపెనీ వారి చరిత్రకారుడు. అతని పుస్తకం రెండో సంపుటం 1778లో అచ్చయింది, అంటే యుద్ధం జరిగిన ఇరవై ఒక్క ఏళ్ళకు. కోటలోకి జొరబడ్డ సైనికులు ఆ శవాలు, ఆ మంటలు చూసి గెలిచిన సంతోషమంతా మరిచి, ఒకరి మొహం ఒకరు చూసుకొంటూ నిలబడిపోయారని రాశాడు. ఎంత కరకువాడికైనా కన్నీరు ఆగలేదట. ఆ చోట ఆర్మ్ వాడిన మాట "రిమార్స్". కరిచే మాట! అప్పుడు ఒక ముసలాయన రంగారావు కొడుకును చెయ్యి పట్టుకొని తెచ్చి, తండ్రి ఇష్టానికి విరుద్ధంగా ఈ బిడ్డను బతికించానని అప్పగించాడు. బుస్సీ సంగతి విని కోటలోకి అడుగు పెట్టనే లేదు. డేరాలోనే ఉండిపోయాడు. ఆ పిల్లవాణ్ణి ఆదరించి, తండ్రికి ఇస్తానన్న భూములు కొడుకు పేర రాయించమన్నాడు.

చూడండి, ఇక్కడ విచారం మాటతో ఆగలేదు. కొంత పని కూడా చేసింది. కాని పోయిన ప్రాణాలకు అది సరితూగుతుందా? సరితూగదని బొబ్బిలివాళ్ళే చెప్పారు. మూడో రాత్రి తాండ్ర పాపారాయుడు విజయరామరాజు డేరాలో దూరి అతన్ని పొడిచి చంపాడు. విచారమన్నది ఆలస్యంగా వస్తే పగ ముందుగా వస్తుంది.

ఆడవాళ్ళుగా మనం అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. బుస్సీ బాధపడ్డాడు, సైనికులు బాధపడ్డారు, రాసిన ఆర్మ్ కూడా బాధపడ్డాడు. చావాలా, బతకాలా అని కోటలోని ఆడవాళ్ళను అడిగినవాళ్ళెవరు? ఆ నిర్ణయం మగవాళ్ళది. మల్లమ్మదేవి పేరు మనకు కథల్లో మిగిలింది. తక్కినవాళ్ళ పేర్లు కూడా మిగలలేదు. ఒక్క ముసలాయన ఆ ఆజ్ఞను మీరబట్టే ఒక బిడ్డ దక్కాడు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు పాపారాయుడి కత్తికన్న ఆ ముసలాయన చెయ్యే ఎక్కువ గుర్తుకొస్తుంది.

ఇప్పటి కాలానికి వద్దాం. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగులో కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క ప్రకారమే 379 మంది పోయారు. నూరేళ్ళు నిండబోతుండగా, 2019 ఏప్రిల్ 10న బ్రిటిషు ప్రధాని థెరెసా మే పార్లమెంటులో రిగ్రెట్టు తెలిపింది. మచ్చ అని కూడా అంది. క్షమాపణ మాత్రం అడగలేదు. మన దేశంలో చాలామంది ఆ రోజు మనసు కష్టపెట్టుకొన్నది ఈ ఒక్క మాట దగ్గరే. 2013లో కెన్యా దేశంవాళ్ళ విషయంలో కూడా బ్రిటన్ రిగ్రెట్టే అంది గాని, చిత్రహింసలు పడ్డ 5,228 మందికి 1 కోటీ 99 లక్షల పౌండ్ల పరిహారం ఒప్పుకొంది. మాట తేలికైనా చెయ్యి కొంచెం బరువుగా పడింది. 1914లో కొమగాటమారు ఓడలో వచ్చిన భారతీయులను కెనడా తిప్పి పంపేసింది. 2016 మే 18న ఆ దేశ ప్రధాని ట్రూడో దానికి సభలో నిలబడి క్షమాపణే చెప్పాడు. విచారిస్తున్నామని కాదు, మన్నించమని. ఎదుటివాడు కాదనడానికి అందులో చోటుంది. రిగ్రెట్టులో ఆ చోటు లేదు.

మన తెలుగులో ఒక మంచి గుణముంది. క్రియ చివర మనిషి కనబడతాడు. ఇంగ్లీషులో "రిగ్రెటెడ్" అని ఊరుకొంటే విచారించేదెవరో తెలియదు. తెలుగులో "అంతరాయానికి చింతిస్తున్నాము" అన్నప్పుడు ఆ చివరి "ము" ఉంది చూడండి, ఎవరో ఒకరు పూచీ పడుతున్నారు. రేడియోలో ఆ వాక్యం పలికేటప్పుడు ఆ "ము"ను మింగేయకూడదని మాకు అనిపిస్తూ ఉంటుంది.

అయితే మనకూ తప్పించుకొనే దారి లేకపోలేదు. "తప్పు చేశాను" అనకుండా "తప్పు జరిగిపోయింది" అంటాం. గిన్నె పగిలిపోయింది, పాలు పొంగిపోయాయి, మాట జారిపోయింది! ఎవరు పగలగొట్టారు, ఎవరు జార్చారు? అన్నీ వాటంతట అవే జరిగిపోతాయి. మన పల్లెల్లో అయితే "ఏటి సేస్తాం, అలా అయిపోనాది" అనేస్తారు. అది ఒకరిని ఓదార్చడానికైతే ఎంతో చల్లని మాట. తన తప్పు కప్పుకోవడానికైతే అదే మన రిగ్రెట్టు.

కాబట్టి అమ్మా, ఎవరైనా విచారిస్తున్నామని అన్నప్పుడు మూడు సంగతులు చూడండి. ఎవరు అంటున్నారు? ఎవరి ఎదుట అంటున్నారు? అన్న తర్వాత ఏం చేస్తున్నారు? అశోకుడి శాసనానికీ, బుస్సీ డేరాకూ, బ్రిటిషు పార్లమెంటుకూ ఈ మూడు ప్రశ్నలే చాలు. ఇంటి గడప దగ్గరా అవే చాలు. పిల్లలకు "సారీ" అనడం మనం తొందరగానే నేర్పేస్తున్నాం. దాని వెనక "నేను చేశాను" అన్న రెండు మాటలు కూడా నేర్పితే, వాళ్ళు పెద్దయి కుర్చీల్లో కూచున్ననాడు ఎదుటివాళ్ళకు వట్టి కాగితం కాక, కొంచెం న్యాయం కూడా అందుతుంది.