ట్రాఫిక్ నుంచి ఊరికి ఒక టికెట్

ట్రాఫిక్, మథురాకాటి, నింపురా, ఓల్డ్ సెటిల్‌మెంట్. ఖరగ్‌పూర్‌లో ఈ పేర్లన్నీ రైల్వే వాళ్ళున్న పేటలవి. అక్కడ తెలుగు వినపడుతోందంటే దానికి కారణం రైలే. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇక్కడ పెద్ద వర్క్‌షాపు కట్టింది. తూర్పు తీరం వెంట వాల్తేరు నుంచి కటకం దాకా ఉన్న లైను 1902లో ఆ కంపెనీ చేతికొచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల జనం అదే లైను పట్టుకుని పనికొచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి 1920ల చివర సంఘం కట్టి నిలబడింది ఈ రైల్వే కార్మికుల పక్షానే. వచ్చి శతాబ్దం దాటాక, 2020 డిసెంబరులో, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగు భాషకు అధికారిక గుర్తింపు ఇచ్చింది.

స్థిరపడినా ఊరితో బంధం తెగలేదు. మంచికీ చెడ్డకీ వెళ్ళాల్సిందే. అందుకే ఈ పేటల చరిత్రలో వర్క్‌షాపు సైరన్‌కి ఎంత చోటుందో టికెట్ కిటికీకీ అంత చోటుంది.

ఆ కిటికీ వెనకున్న పద్ధతిని మొదట ఆలోచించినవాడు ఇంజనీరు కాదు, స్టేషన్‌లో పనిచేసే ఉద్యోగి. 1830ల చివర ఇంగ్లండ్‌లో న్యూకాజిల్–కార్లైల్ రైల్వేలో ఉన్న థామస్ ఎడ్మండ్‌సన్, ఒక్కో టికెట్టూ చేత్తో రాసివ్వడం చూసి విసిగి, ముందే అచ్చేసి వరస నంబరు వేసిన చిన్న అట్టముక్కను తయారుచేశాడు. తేదీ కొట్టడానికి ఒక యంత్రం కూడా పెట్టాడు. క్యూ త్వరగా కదిలింది, నంబరును బట్టి డబ్బు లెక్కా తేలింది. మన దేశంలో ఆ అట్టముక్క మీద స్టేషన్ పేరు ఇంగ్లీషు, హిందీలతో పాటు ఆ ప్రాంతపు లిపిలోనూ ఉండేది. చదువు అంతంతమాత్రం వచ్చినవాడు కూడా తనెక్కడికి వెళ్తున్నాడో తన లిపిలో చూసుకోగలిగేవాడు. ఆ మూడో వరస చిన్నదే అయినా, దాన్ని వేయించినవాళ్ళు ప్రయాణికుణ్ణి గుర్తుపెట్టుకున్నారు.

రిజర్వేషన్ సంగతి వేరు. అది రిజిస్టరులో ఉండేది. ఒక బండికి ఒక పుస్తకం, ఆ పుస్తకం ఉన్న కౌంటర్ దగ్గరే క్యూ. పుస్తకం ఒకేసారి రెండు చోట్ల ఉండదు కదా! వెళ్ళే బెర్తు ఇక్కడ దొరికినా, తిరుగు ప్రయాణానికి అవతలి స్టేషన్‌కి టెలిగ్రామ్ కొట్టించి జవాబు కోసం కాచుక్కూర్చోవాలి. సెలవు ఎన్నాళ్ళో ఖచ్చితంగా తెలిసిన కార్మికుడికి తిరుగు టికెట్ తేలకపోవడం ఎంత ఆందోళనో వేరే చెప్పక్కర్లేదు.

1985 నవంబరులో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. మరుసటి ఏడాది రైల్వేల కంప్యూటర్ పనుల కోసం రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం, క్రిస్, ఏర్పడింది. ఏ కౌంటర్‌లోనైనా ఏ బండికైనా టికెట్ అన్నది సామాన్యుడికి అందిన నిజమైన మేలు. అయితే ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికిందరాబాదు కంప్యూటర్లు మొదట దేనికది విడిగా ఉండేవి. వాటిని కలపడానికి రాసిన కొత్త సాఫ్ట్‌వేర్ కన్సర్ట్‌ను 1994లో ముందుగా సికిందరాబాదులో నడిపి చూశారు. అయిదూ ఒకటయ్యేసరికి 1999 వచ్చింది. ఖరగ్‌పూర్‌లో నిలబడి తిరుగు బెర్తు కూడా తీసుకోవడం అప్పుడు మామూలు విషయమైంది. వృద్ధులకూ, 45 ఏళ్ళు దాటిన స్త్రీలకూ ఖాళీని బట్టి కింది బెర్తు దానంతటదే ఇచ్చే ఏర్పాటు కూడా ఈ వ్యవస్థలోకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులున్న మనిషి నోరు తెరిచి అడగకముందే ఆమె అవసరాన్ని లెక్కలోకి తీసుకున్న ఏర్పాటది. నిజానికి ఈ చరిత్ర మొత్తంలో మెచ్చుకోదగ్గ ఘట్టం ఇదే.

కానీ అట్టముక్క మీది మూడో లిపి కంప్యూటర్ టికెట్‌లో మాయమైంది. ఇంగ్లీషు, హిందీలే మిగిలాయి. 2018లో కర్ణాటకలో సాధారణ టికెట్ల మీద కన్నడం మళ్ళీ కనబడితే అది వార్త అయింది! పాత టికెట్ మామూలుగా చేసిన పనిని కొత్త యంత్రం చేత చేయించడానికి అన్నేళ్ళు పట్టింది.

2002 ఆగస్టులో ఇంటర్నెట్‌లో రైలు టికెట్లమ్మే ఐఆర్‌సీటీసీ వెబ్‌సైట్ మొదలైంది. తొలిరోజుల్లో టికెట్ కొరియర్‌లో ఇంటికి వచ్చేది. 2005లో ఈ-టికెట్, 2012లో ఫోనులోని మెసేజే టికెట్. క్యూ బాధ తప్పింది, అందులో అనుమానం లేదు. అయితే ఇదివరకు కిటికీ వెనక గుమాస్తా చేసే పని ఇప్పుడు ప్రయాణికుడి నెత్తిన పడింది. స్టేషన్ కోడ్ వెతకడం, కోటా ఎంచడం, క్యాప్చా కొట్టడం అన్నీ అతనివే. అవీ ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో. రీఫండ్ చూడండి. చార్టు తయారయ్యాక కూడా వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయిన ఈ-టికెట్ దానంతటదే రద్దై డబ్బు బ్యాంకులో పడుతుంది. కౌంటర్‌లో కొన్నవాడు మాత్రం బండి కదలడానికి కనీసం అరగంట ముందే రద్దు చేయించుకుని, డబ్బు కోసం కౌంటర్‌కి వెళ్ళాలి. ఫోను వాడలేనివాడికే ఎక్కువ తిరుగుడు పెట్టే ఈ నియమం సాంకేతికంగా తప్పదని అనుకోవడం కష్టం.

ఆఖరి నిమిషపు టికెట్లిచ్చే తత్కాల్‌లో పోటీ ఇంకా ఘోరం. కిటికీ తెరిచిన తొలి అయిదు నిమిషాల్లో లాగిన్ ప్రయత్నాల్లో సగం దాకా యంత్రాలు చేసేవేనని 2025 జూన్‌లో రైల్వే శాఖే చెప్పింది. అనుమానాస్పదమైన 2.5 కోట్ల ఖాతాలు మూసేసింది. జులై 1 నుంచి ఆధార్‌తో ధ్రువీకరించిన ఖాతాలకే తత్కాల్ అంది. దళారీలను ఆపడానికి ఇది అవసరమే. కానీ వేగంలో నెగ్గినవాడికే బెర్తు అన్న మూలసూత్రం అలాగే ఉంది. తండ్రికి బాగోలేదని ఊరికి బయల్దేరేవాడికి వేలు వణుకుతుంది.

ఖరగ్‌పూర్‌లోనే మరో దారి చూపినవాళ్ళున్నారు. 1951లో మొదలైన ఖరగ్‌పూర్ ఐఐటీలో ప్రొఫెసర్ అనుపమ్ బసు బృందం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల కోసం ‘సన్యోగ్’ అనే వ్యవస్థను తయారుచేసింది. మాట రాని పిల్లలు తెరమీది బొమ్మలు ఎంచుకుంటే అవి బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు వాక్యాలవుతాయి. మౌస్ పట్టుకోలేని చేతికి ఒక్క స్విచ్ చాలు. తెర మీద గుర్తు ఒక్కో బొమ్మ మీదికీ నెమ్మదిగా జరుగుతుంది, కావలసింది రాగానే పిల్లవాడు నొక్కుతాడు. వేగం ఎంతుండాలో యంత్రం కాదు, పిల్లవాడి చెయ్యి నిర్ణయిస్తుంది.

తత్కాల్ పేజీని మళ్ళీ గీసేవాళ్ళు ముందు ట్రాఫిక్ పేటలోని ఒక రిటైర్డ్ ఫిట్టర్ పక్కన కూర్చుని, ఆయన శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి బెర్తు తీసుకునేదాకా ఓపికగా చూడాలి. ఆ తెర మీద ఆయన లిపి కూడా ఉండాలి.