చూపుగీత, గుండు వంపు: జవళగిరి అడవి చెప్పు పాఠము

ఆగస్టు 30 కెన్నెత్ ఆండర్సన్ వర్ధంతి. 1910లో సికిందరాబాదు దాపునగల బొల్లారమున పుట్టి, బెంగుళూరున స్థిరపడి, 1974లో కన్నుమూసిన ఈ వేటకథకుడు మన డెంకణికోట, అంచెట్టి, జవళగిరి అడవులను గూర్చి వ్రాసినంత మక్కువతో మఱియొకరు వ్రాయలేదని నా దృఢవిశ్వాసము. ఆ కథలు చదివి గుఱి నేర్వనెంచు కెలమంగలపు యువకులకు మొట్టమొదట తెలియవలసినదొకటి కలదు. తుపాకిగుండు సరళరేఖలో పోదు. గొట్టము విడిచిన క్షణమునుండియే భూమి దానిని క్రిందికి లాగుచుండును. గుఱిపెట్టువాని చూపుగీతయు గుండు నడచు వంపుగీతయు వేర్వేఱని ఎఱుగనివాడు ఎంతటి తుపాకి పట్టినను వ్యర్థమే.

ఈ జ్ఞానము మన సీమకు ఎంత ఆలస్యముగా వచ్చెను! కృష్ణగిరి ప్రాంతపు వీరగల్లులమీద విల్లును కత్తియు పట్టిన యోధులు శతాబ్దములుగా నిలిచియున్నారు. విజయనగర ప్రభువులు, పాళెగాండ్రు, హైదరాలి వరుసగా వచ్చి పోయిరి. 1799 మార్చిలో శ్రీరంగపట్టణముపైకి నడచిన కుంపిణీ సేనాని జనరల్ హ్యారిస్ సైన్యము, హైదరాబాదు నిజాము దండుతోగూడి, రాయకోట దాటి కెలమంగలమున విడిసెను. ఆ సిపాయీలలో పెక్కుమంది చేతులలోనివి లోపల చాళ్లులేని నునుపుగొట్టపు తుపాకులు. నూఱు గజముల కావల వాని గుఱి దైవాధీనము. అప్పటికి అర్ధశతాబ్ది పూర్వమే, 1742లో, బెంజమిన్ రాబిన్స్ అను ఆంగ్ల గణితజ్ఞుడు గుండు వేగమును లోలకముతో కొలుచు విధమును ప్రకటించి, గాలి దానిని నాటివారు తలచినదానికన్న ఎంతో బలముగా నిరోధించునని చూపెను. ఆ మహనీయుడు కుంపిణీ కొలువులో ఇంజనీరుగా వచ్చి 1751లో కడలూరు చెంత సెంట్ డేవిడ్ కోటలో మరణించెనన్న సంగతి మనవారిలో ఎందఱికి తెలియును?

ఇక నా మనసు నిలిచిన ఘట్టము. జతగాడు వేటగాని తుపాకికి బలికాగా జవళగిరి, సూలెకుంట, గుండాలం ప్రాంతములలో మనుష్యులను పట్టసాగిన ఆడుపులి కథ ఆండర్సన్ 1954లో ప్రకటించిన తొలిపుస్తకమునందున్నది. మగపులి పిలుపును అతడు తన గొంతున పలికించెను. ఆడుపులి బదులు పలికి, పిలుపు పిలుపునకు చేరువై, ఎదుటికి వచ్చి కూలెను. ఎన్నిసార్లు చదివినను నాకు ఆ ఆడుపులిపై జాలి కలుగకమానదు. ఆండర్సన్ వించెస్టరు తుపాకి గుండు 300 గ్రెయినులు, అనగా 19 గ్రాములకు పైగా తూగును; సెకనుకు సుమారు 670 మీటర్ల వేగముతో గొట్టము విడుచును. 50 మీటర్లు పోవుసరికి అది గొట్టపుగీతకు 3 సెంటీమీటర్లు దిగును. 100 మీటర్లకు ఆఱు గాక సుమారు 13 దిగును, ఏలయన పతనము కాలవర్గముననుసరించి పెరుగును. ఎదుటికి వచ్చిన పులివిషయమున ఈ లెక్క అవసరము లేదు. అచట కావలసినది వణకని చేయి. మంచెమీదనుండి ఏటవాలుగా క్రిందికి కాల్చువాడు మాత్రము ఏటవాలు దూరమును గాక సమతలదూరమునే లెక్కింపవలెను. లేనిచో గుండు పైకి పోవును.

అదే తుపాకికి గొట్టముకన్న 4 సెంటీమీటర్ల ఎత్తున దుర్భిణి బిగించి, 100 మీటర్లకు గుఱి సరిచేసితిమనుకొందము. పది మీటర్ల వద్ద గుండు దుర్భిణిలోని అడ్డగీతల కలయికకు రెండు సెంటీమీటర్లకు పైగా క్రింద తగులును. 30 మీటర్ల లోపుననే చూపుగీతను తొలిసారి దాటి, 50 వద్ద కొంచెము పైన నడచి, 100 వద్ద మరల కలియును. దగ్గఱలో క్రింద తగిలినదని దుర్భిణిని నిందించువారు ఈ రెండు కలయికలను మఱచినవారే. సరిచేయుటకు తుపాకిని ఇసుకసంచిపై ఆనించి, ఒకే బిందువున గుఱిపెట్టి మూడు గుండ్లు కాల్చి, ఆ మూడింటి నడుమభాగమును చూడవలెను. ఒక్క గుండును నమ్మి దుర్భిణి మీట త్రిప్పరాదు. సాధారణముగా మీట ఒక్కసారి టిక్కుమన్నచో 100 మీటర్ల వద్ద గుఱి సుమారు 7 మిల్లీమీటర్లు జరుగును; కావున 7 సెంటీమీటర్లు క్రింద తగిలిన గుంపుకు పైవైపు పది టిక్కులు.

1972లో వన్యప్రాణి సంరక్షణచట్టము వచ్చెను. 2014లో ఉత్తర కావేరి, 2022లో దక్షిణ కావేరి అభయారణ్యములు ఇచట ఏర్పడెను. వేటకథలు పుట్టిన చోట వేటయే నిషిద్ధమైనది, అట్లగుటయే మేలు. గుఱి మాత్రము క్రీడాంగణమునకు చేరినది. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సున 10 మీటర్ల గాలితుపాకి పోటీలో కాంస్యము గెలిచెను. ఆ పోటీలో దుర్భిణి నిషిద్ధము. సన్నని రంధ్రములోనుండి చూచుటయే. లక్ష్యపు నడిబొట్టు అరమిల్లీమీటరు. గుండు ఆ పది మీటర్లలోనే ఒకటిన్నర సెంటీమీటరుకు పైగా దిగును.